వణకని చెయ్యి

కళ్లు మూసుకోమంది ఎల్విరా. మహిళా కోముజ్ బృందమంతా ఒళ్లో ఆ మూడు తీగల వాయిద్యాలు పెట్టుకుని బడిపిల్లల్లా కళ్లు మూసుకుంది. ఓరకంటితో పక్కవాళ్లని చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారనుకోండి.

"ఇప్పుడు మీ చుట్టూ ఒక గాజు గది కట్టుకోండి. ఒక్కొక్క గోడా నెమ్మదిగా లేపండి. జనం బయట ఉన్నారు. వాళ్ల మొహాలు కనిపిస్తాయి గానీ వాళ్ల దగ్గు కూడా మీకు వినపడదు. లోపల మీరూ, మీ ఊపిరీ. అంతే."

ఊల్కాన్‌కి కొత్తగా కట్టుకోవడానికేం లేదు. ఆ గది ఆమెకి ఎప్పటినుంచో ఉంది. కళ్లు మూసుకుంటే, ఇంటికెళ్లేటప్పుడు ఉల్లిపాయలు కొనాలన్న సంగతి గుర్తొచ్చింది. అదీ లీలగానే.

ఎల్విరా అల్మాటీలో చదువుకుని వచ్చిన పిల్ల. వేదిక ఎక్కేవాళ్ల మనసుని గట్టిపరచడం ఆమె పని. వేసవిలో ఒక పోటీలో బృందంలోని అమ్మాయి ఒకతె సగం వాయించి కొయ్యబారిపోయింది. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం గుసగుసలాడుకున్నారు. ఆ తలవంపులు తట్టుకోలేక దర్శకుడు ఓర్మోన్ ఈ పిల్లని పిలిపించాడు. చిన్నా పెద్దా అందరికీ ఆయన అగాయే, మాస్టారే. "కుస్తీవాళ్లకి మనసుక్కూడా కోచ్ ఉంటాడట. మనమేం తక్కువ తిన్నాం?" అన్నాడాయన. ఆయన మాటకి ఎదురు చెప్పే అలవాటు రాజధాని బిష్కెక్‌లోని ఆ సాధన గదిలో ఎవరికీ లేదు.

ఎల్విరా దగ్గర చెవి తమ్మెకి పెట్టే చిన్న క్లిప్పు ఉంది. అది పెట్టుకుని వాయిస్తుంటే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చేతిలోని టాబ్లెట్ పలకమీద అంకె కనిపిస్తుంది. ఒక్కొక్కరికీ ఆ అంకె మేకపిల్లలా గెంతింది. ఊల్కాన్ వంతు వచ్చినప్పుడు మాత్రం, మొదట ఎక్కడుందో చివరా అక్కడే ఉంది.

"చూశారా?" అంది ఎల్విరా మురిసిపోతూ. "ఇదీ స్థిమితమంటే. ఊల్కాన్ ఎజెని చూసి నేర్చుకోండి."

"ఎజె, మీకసలు గుండె ఉందా, ఇంట్లో మర్చిపోయొచ్చారా?" అంది మీరిమ్, అందరిలోకీ చిన్నది. ఆ పిల్ల పెద్దవాళ్లందర్నీ ఎజె అంటుంది, సొంత అక్కల్ని పిలిచినట్టే. అందరూ నవ్వారు. ఊల్కాన్ కూడా నవ్వింది. నవ్వాల్సిన చోట నవ్వడం ఆమెకి బాగా అలవాటు.

తర్వాత ఎల్విరా ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోమంది. వేదిక మీద ఎవరికి ఏది కష్టమో ఎదుటి మనిషికి చెప్పుకోవాలి. "ఇక్కడ చెప్పింది ఈ నాలుగు గోడలూ దాటదు. నాదీ పూచీ," అంది.

ఊల్కాన్‌కి జతగా సైరాగుల్ వచ్చింది. బృందంలో అందరికన్నా పెద్దది, కచేరీ మొదట్లో ఒంటరిగా వాయించేది ఆవిడే. కోముజ్‌ని వినడమే కాదు, చూస్తారు కూడా. తీగ మీటిన కుడిచెయ్యి గాలిలోకి లేచి, చెవి పక్కనుంచి తిరిగి, తాళం తప్పకుండా మళ్లీ తీగ మీదికి దిగాలి. సైరాగుల్ చెయ్యి అలా లేస్తే ముసలివాళ్లు కూడా కుర్చీల్లో ముందుకి వంగుతారు.

ఆవిడ ఆ చేతిని నెమ్మదిగా పైకెత్తి చెవి దగ్గర ఆపింది.

"ఇదిగో, ఇక్కడికొచ్చాక. ఒక్క క్షణం వణుకుతుంది. జనం అదీ హొయలే అనుకుంటున్నారు పాపం." నవ్వి చెయ్యి దించేసింది. "వణుకు తగ్గడానికి సగం అనాప్రిలిన్ మింగి ఎక్కుతున్నానే. అందరూ మింగే బిళ్లే, తెలుసు. అదివరకు నేనే ఎప్పుడూ మింగలేదు."

"ఎప్పట్నించి ఎజె?"

"మంచు కరిగినప్పట్నించి. సరే, నీ సంగతి చెప్పు."

చెప్పడానికి ఊల్కాన్ దగ్గర ఒకటుంది. వాయిస్తున్నప్పుడు తనకేమీ అనిపించదు. వేళ్లు పనిచేస్తాయి, స్వరం సరిగ్గా పలుకుతుంది, జనం చప్పట్లు కొడతారు, తను తల వంచుతుంది. ఈ మొత్తంలో తనెక్కడుందో తనకి తెలియదు. ఎప్పుడు మొదలైందో కూడా గుర్తులేదు. ఒంటిమీది పుట్టుమచ్చలా, చూసుకునేసరికే ఉంది. కానీ అది చెబితే ఎదుటి మనిషి జాలిపడుతుంది. ఆ జాలికి తగిన మొహం మళ్లీ తను పెట్టాలి.

"నాకు భయం లేదు ఎజె," అంది. అది అబద్ధమూ కాదు.

"అదృష్టవంతురాలివి," అంది సైరాగుల్ మనస్ఫూర్తిగా.

రబ్బరు చెప్పులతో చప్పుడు కాకుండా తిరుగుతున్న ఎల్విరా అప్పటికే వాళ్ల వెనక నిలబడి ఉంది. సైరాగుల్ భుజం మీద చెయ్యి వేసి ముందుకెళ్లిపోయింది.

*

మర్నాడు సాధన మొదలవకముందే ఓర్మోన్ అగాయ్ వచ్చి, టోపీ కూడా తియ్యకుండా చెప్పేశాడు. శనివారం నరిన్‌లో కచేరీ. అందులో ఒంటరి వాయిద్యం ఊల్కాన్‌ది. సైరాగుల్ కాస్త విశ్రాంతి తీసుకుంటుంది, వరసలో మాత్రమే వాయిస్తుంది.

సైరాగుల్ తీగ మారుస్తోంది. కొత్త తీగ కొస బిరడాకి చుట్టి, బిగించి, బొటనవేలితో మీటి చూసుకుని, అప్పుడు తలెత్తింది.

"నేనేమన్నా విశ్రాంతి అడిగానా అగాయ్?"

"అడక్కపోతే మాత్రం మేం చూసుకోవద్దా? ఆరోగ్యం ముందు," అన్నాడాయన. దయగానే అన్నాడు.

సైరాగుల్ ఊల్కాన్ వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. తన సంగతి ఆవిడ నిన్న చెప్పుకున్నది ఒక్కరికి, ఇవాళ ఆ స్థానం దక్కింది ఆ ఒక్కరికే. లెక్క ఎవరికైనా అలాగే తేలుతుంది. నేను కాదు ఎజె అని ఊల్కాన్ అనాలి. నోరు తెరిస్తే చాలు. కానీ ఆ మాట ఎక్కడో చాలా దూరాన ఉన్నట్టనిపించింది. వెళ్లి తెచ్చుకునే ఓపిక లేకపోయింది. కోముజ్ శ్రుతి చూసుకుంటూ కూర్చుంది.

విరామంలో నీళ్ల కుళాయి దగ్గర సైరాగుల్ ఆమెకి వినపడేట్టుగా మీరిమ్‌తో అంది. "ఈసారి చెప్పుకోవాలనిపిస్తే గోడకి చెప్పుకుంటానమ్మా. గోడకి కచేరీలు అక్కర్లేదు కదా."

మీరిమ్ బిత్తరపోయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఊల్కాన్ చేతులు కడుక్కుంది. నీళ్లు చల్లగా ఉన్నాయో లేవో కూడా ఆమెకి పట్టలేదు.

సాయంత్రం అగాయ్ ఆమెని గదికి పిలిచాడు. తనే టీ పోసి, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టె ముక్కలున్న పళ్లెం ముందుకి జరిపాడు. ఆయన మర్యాద చేస్తున్నాడంటే పని ఉందని బృందంలో అందరికీ తెలుసు.

"గొలుసు వాయిద్యంలో సైరాగుల్ నీ ఎడమ పక్కనే కదా?"

"అవును అగాయ్."

గొలుసు వాయిద్యం కచేరీలో చివరి అంశం. అందరూ భుజం భుజం తగిలేలా కూర్చుంటారు. ఎడమచేతి వేళ్లు ఎవరి కోముజ్ మెడమీద వాళ్లవి, కుడిచెయ్యి మాత్రం పక్కావిడ తీగల మీదికి పోతుంది. ఎవరి స్వరాన్ని వాళ్లు పట్టుకుంటే పక్కవాళ్లు దాన్ని మీటుతారు. పల్లెల్లో జనం దీనికోసమే చివరిదాకా కూర్చుంటారు.

"అంటే ఆవిడ చెయ్యి నీ కోముజ్ మీద ఉంటుంది," అన్నాడు అగాయ్. "కింద కూర్చున్న నాకేం తెలుస్తుంది? ఆ చెక్కలోంచి నీకే తెలియాలి. వణికిందా లేదా, నాకు అదొక్కటి చెప్పు. వణికితే ఇంక లాభం లేదు. కొత్త ఏడాదికి ఆవిణ్ణి పిల్లల బడికి పంపించేస్తా. గౌరవంగానే పంపిద్దాం, చపాన్ కోటు కప్పి మరీ."

"నేను చెప్పాలా?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు? నీకు కంగారుండదు, పక్షపాతముండదు. ఆ అమ్మాయి యంత్రం కూడా అదే చెప్పింది కదా." పళ్లెం ఇంకొంచెం జరిపాడు. "తిను."

ఊల్కాన్ ఒక ముక్క తీసుకుని నమిలింది. సరేనంది. సైరాగుల్‌కి కోముజ్ తప్ప ఇంకో బతుకు లేదని తెలుసు. ఆవిడ బతుకంతా తన ఒక్క మాట మీద నిలబడిందనీ తెలుసు. తెలిసిందంతా తల దగ్గరే ఆగిపోయింది, కిందికి దిగలేదు.

*

బస్సులో ఎల్విరా వచ్చి ఆమె పక్కన కూర్చుంది. కొచ్‌కోర్‌లో భోజనానికి ఆగేదాకా చేతి తొడుగులు తీస్తూ తొడుక్కుంటూ ఉంది. ఆవిరి మీద ఉడికిన మంతీలు తిని, పైన టీ తాగి, మళ్లీ బస్సెక్కాక అప్పుడు బయటపెట్టింది.

"ఎజె, అగాయ్‌కి చెప్పింది నేనే. సైరాగుల్ ఎజె సంగతి."

"ఊఁ."

"నేనన్నది ఒక్కటే. ఆవిడ ఒత్తిడిలో ఉన్నారు, కాస్త కనిపెట్టుకుని ఉండండి అన్నా. ఆయన ఇలా చేస్తారనుకోలేదు. వణకడం జబ్బు కాదు, ఇంకా మనసు పెట్టి వాయిస్తున్నారనడానికి గుర్తు. అదీ చెప్పా. ఆయన మొదటి సగమే విన్నారు." తొడుగు మళ్లీ లాగేసుకుంది పిల్ల. "ఆవిడ మీరే చెప్పారనుకుంటున్నారు. ఎందుకు ఊరుకున్నారు? నా మీద కోప్పడైనా కోప్పడొచ్చు కదా?"

"కోపం రాలేదు," అంది ఊల్కాన్.

ఎల్విరా ఆమె మొహంలోకి చూసింది. మొదటిసారి మెచ్చుకోలుగా కాక, డాక్టరు చూసినట్టు చూసింది. "అసలేదైనా వస్తుందా ఎజె, మీకు?" అని మెల్లిగా అడిగింది.

ఊల్కాన్ కిటికీ వైపు తిరిగింది. బయట గుట్టలన్నీ మంచు కప్పుకున్నాయి, మధ్యలో గుర్రాలు గడ్డికోసం గిట్టలతో మంచు తవ్వుకుంటున్నాయి.  

దొలోన్ కనుమ దాటేటప్పుడు, క్షేమంగా చేరాలని అందరూ అరచేతులు పైకి పట్టి మొహానికి రాసుకున్నారు. ముందు సీట్లో సైరాగుల్ కూడా ఎత్తింది. ఊల్కాన్ తను మొక్కుకోవడం మాని ఆ కుడిచేతి వైపే చూసింది. అప్పుడే తను నిఘా పనిలో పడిపోయిందని తెలిసి, చప్పున చూపు తిప్పుకుంది.

*

నరిన్ సాంస్కృతిక భవనంలో కుర్చీల కన్నా జనం ఎక్కువ వచ్చారు. గదిని వెచ్చబరిచే గొట్టాలు పేరుకే ఉన్నాయి. తెల్లటి ఎలెచెక్ తలపాగాలు చుట్టుకుని, మఖ్మల్ కోట్లు తొడుక్కుని, తెర వెనక ఆడవాళ్లంతా టీ పియాలాలు చేతుల మధ్య పట్టుకుని వేళ్లు కాచుకుంటున్నారు. సైరాగుల్ ఒక మూల గోడకి ఆనుకుని నిలబడింది.  ఒంటరి వాయిద్యం చేజారిన రోజు నుంచీ ఆవిడ దవడ బిగుసుకునే ఉంది.

ఊల్కాన్ ఒంటరిగా వేదిక ఎక్కింది. వాయించేముందు ఆ బాణీ పుట్టిన కథ చెప్పాలి. పొగమంచులో దారితప్పిన మొగుణ్ణి ఒక కాపరి భార్య ఏటి ఒడ్డున నిలబడి పిలుస్తుంది. మూడుసార్లు పిలిచాక అవతలి ఒడ్డునుంచి జవాబొస్తుంది. తన గొంతే కొండకి తగిలి తిరిగొస్తోందో, మొగుడే పలుకుతున్నాడో ఆమెకి తెలియదు. సైరాగుల్ ఈ కథ చెబితే ముందు వరసలో ఎవరో ఒకరు ముక్కు చీదాల్సిందే. ఊల్కాన్ ఒక్క మాట తప్పకుండా చెప్పింది. ఒక్క స్వరం తప్పకుండా వాయించింది. చెయ్యి పైకి లేచింది, తిరిగింది, దిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరూ చీదలేదు. ఆమె తల వంచి లోపలికి వచ్చేసింది. ఏటి ఒడ్డుకి తను అసలు వెళ్లనేలేదు.

చివరికి గొలుసు వాయిద్యం వచ్చింది. అందరూ వరసగా కూర్చున్నారు. ఊల్కాన్‌కి ఎడమన సైరాగుల్, కుడిన మీరిమ్. మూడోవరసలో ఓర్మోన్ అగాయ్ కాలుమీద కాలేసుకుని ఉన్నాడు. భుజాలు సర్దుకుంటుండగా, జనానికి కనిపించే నవ్వు మొహాన అలాగే ఉంచుకుని సైరాగుల్ పెదవులు కదిలీ కదలకుండా అంది.

"నా చెయ్యి చూడమన్నాడు కదా నిన్ను?"

ఊల్కాన్ కోముజ్‌ని ఒళ్లో సర్దుకుంది.

"ఒకప్పుడు బాత్మా ఎజె పక్కన నన్ను కూర్చోబెట్టి ఇదే పని చెప్పాడు. ఆయన బోర్సోక్‌లు నేనూ తిన్నానులే. చూసుకో. బాగా చూసుకో."

ఆవిడ కుడిచెయ్యి వచ్చి ఊల్కాన్ తీగల మీద వాలింది.

బాత్మా ఎజె ఇప్పుడు తోక్‌మోక్‌లో పిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు స్వరాలు దిద్దిస్తోంది. ఆమె ఎందుకు వెళ్లిపోయిందని బృందంలో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఊల్కాన్ కూడా అడగలేదు. ఆమె వెళ్లిపోయిన రోజు కూడా తను మొన్నటిలాగే శ్రుతి చూసుకుంటూ కూర్చుని ఉంటుంది.

వాయిద్యం మొదలైంది. వేళ్లు వాటి పని అవి చేస్తున్నాయి. రెండో ఆవర్తనం మొదట్లో అందరి కుడిచేతులూ ఒకేసారి గాలిలోకి లేచి తిరిగి పక్కవాళ్ల తీగల మీద దిగాలి. లేచాయి, దిగాయి. అప్పుడు తెలిసింది ఊల్కాన్‌కి. కోముజ్ మెడ వణుకుతోంది. సన్నగా, ఎడతెగకుండా వణుకుతోంది. ఎడమ అరచేతికి స్పష్టంగా తగులుతోంది.

వణుకుతోంది, అనుకుంది. అయిపోయింది. ఇప్పుడు నేను చెప్పాలి.

గుండె గుభేలుమంది. అంత బలంగా, అంత దగ్గరగా కొట్టుకునేసరికి ఆమె హడలిపోయింది. అయ్యో ఎజె, ఆపండి, ఎలాగైనా ఆపండి అని లోపల అరుస్తూనే ఒక కన్ను ఎడమ వైపుకి వేసింది.

సైరాగుల్ చెయ్యి తన తీగల మీద నిబ్బరంగా ఉంది. కోపంతో గట్టిపడిన చెయ్యి. ప్రతి మీటూ మేకు దిగినట్టు దిగుతోంది. పైకి లేచింది, చెవి దగ్గర తిరిగింది. అక్కడ కూడా వణకలేదు.

మరి ఈ వణుకు?

కుడి పక్క మీరిమ్ చిన్నగా ఉలిక్కిపడింది. ఆ పిల్ల తీగల మీద ఊల్కాన్ చెయ్యి ఒక మీటు ముందే పడింది. తర్వాతది ఆలస్యంగా పడింది.  చంకల్లో చెమట పట్టింది. ముందు వరసలో ఒక పిల్లాడు దగ్గాడు. ఆ దగ్గు సూటిగా వచ్చి చెవిలో పడింది. ఇంతమంది ఉన్నారా ఇక్కడ అనుకుంది ఊల్కాన్. భయమేసింది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఎంత బాగుందో ఆమె ఎవరికీ చెప్పలేదు. పడుతూ లేస్తూ చివరిదాకా వాయించింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక మీటు ముందో వెనకో పల్లె జనానికి పట్టదు.

*

తెర వెనక ఎవరో ఆమె చేతిలో పియాలా పెట్టారు. సైరాగుల్ అద్దం ముందు నిలబడి ఎలెచెక్ గుడ్డ మడతలు విప్పుకుంటోంది. ఎల్విరా సామాన్లు సర్దుతోంది. ఓర్మోన్ అగాయ్ వచ్చి, గొంతు తగ్గించాననుకుంటూ అందరికీ వినపడేట్టు అడిగాడు.

"ఏమైంది? వణికిందా?"

అద్దం ముందు గుడ్డ మడత ఆగిపోయింది.

"వణికింది," అంది ఊల్కాన్.

ఆయన నిట్టూర్చాడు. "అనుకున్నా. పాపం."

"ఆవిడది కాదు అగాయ్. ఆవిడ చెయ్యి రాయిలా ఉంది. వణికింది నాది."

"నీదా!" నవ్వాడాయన. "నాకు కథలు చెప్పకు. పాతావిడ మీద జాలిపడి..."

ఊల్కాన్ చెయ్యి చాచింది. పియాలాలోని టీ అంచులు దాటి మణికట్టు మీద ఒలికింది. కాలింది. ఆమె ఉఫ్ అంది, కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నిజమే అగాయ్," అంది మీరిమ్ గోడ పక్కనుంచి. "నా కోముజ్‌ని ఎంత కంగారు పెట్టేశారో. నేనే తప్పు చేశాననుకుని చచ్చిపోయాను."

ఓర్మోన్ అగాయ్‌కి ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఎల్విరా వైపు తిరిగాడు. "ఏదమ్మా నీ యంత్రం? పెట్టి చూడు."

ఎల్విరా లేచి వచ్చి క్లిప్పు ఊల్కాన్ చెవికి పెట్టింది. పలక వంక చూసింది. చూస్తూ చూస్తూ కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత పలకని ఎదకి ఆనించి పట్టుకుంది.

"ఎంత ఉంది?"

"అది మా ఇద్దరి మధ్య మాట అగాయ్. నాలుగు గోడలూ దాటదని చెప్పాను కదా."

"ఇదేం చోద్యం? నీకు పనిచ్చింది నేనా, వీళ్లా?"

ఆ పిల్ల పలక ఇవ్వలేదు.  ఆయన టోపీ పెట్టుకుని, రేపు బిష్కెక్‌లో మాట్లాడతానని గొణుక్కుంటూ బయటికి పోయాడు. ఏం మాట్లాడతాడో, ఎవర్ని పంపిస్తాడో ఎవరికీ తెలియదు. సైరాగుల్ చెయ్యి వణికిందని మాత్రం ఇంక ఎవరూ అనలేరు.

 సైరాగుల్ విప్పిన గుడ్డ కుర్చీ మీద పడేసి ఊల్కాన్ దగ్గరికొచ్చింది. కోటు జేబులోంచి మాత్రల అట్ట తీసింది. అందులో ముందే సగానికి విరిచి ఉంచుకున్న బిళ్ల ఉంది.

"ఇవాళ మింగలేదే," అంది. "నీ మీద కోపంతో మర్చేపోయా." కాస్త ఆగింది. "ఆ పిల్లేనా అగాయ్‌కి చెప్పింది?"

ఊల్కాన్ తలూపింది.

"మరి నోట్లో నాలుక లేదా నీకు, ఇన్నాళ్లూ?"

"లేదు ఎజె," అంది ఊల్కాన్. మొహం కడుక్కున్నట్టు నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా ఆమెకి తోచలేదు.

సైరాగుల్ ఆమె చేతిలోంచి పియాలా తీసి బల్లమీద పెట్టింది. వణుకుతున్న ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, అరచేతిలో సగం బిళ్ల పెట్టింది.

"మింగు. పావుగంటలో తగ్గిపోతుంది."

ఊల్కాన్ ఆ బిళ్లని చూసింది. అది కూడా అరచేతిలో చిన్నగా అదురుతోంది. వేళ్లు మూసి, తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టేసింది.

"వద్దు ఎజె," అంది. "కాసేపు ఉండనీండి."